అగ్గిపుల్ల పడని పద్యం

మన బడి పాత విద్యార్థుల సభకు వేసే సంచికకు వ్యాసం పంపమని కమిటీ నుంచి మూడుసార్లు కబురు వచ్చింది. మూడోసారి మన ట్యాంకుగాడు స్వయంగా ఫోను చేసి, "నువ్వు సీరియల్ రోజుల గురించే రాయాలి, తక్కినవి మేం చూసుకుంటాం" అని గట్టిగా చెప్పాడు. అందుకని నేరేడు చెట్టు సంగతి, సి సెక్షన్‌తో పందెం సంగతి, సైన్సు గదిలో కప్ప సంగతి మీకే వదిలేస్తున్నాను. గొడుగు మాత్రం ఇంకా మా ఇంట్లో భద్రంగా ఉంది ట్యాంకూ. వచ్చేటప్పుడు తెస్తాను.

మొదలు మీ అందరికీ తెలిసిందే. 1999 మే నెల, మన తిరుపతి గంగజాతర, రోజుకో వేషం. బైరాగి వేషం నాడు పూసుకున్న నాముకొమ్ము తెల్లమట్టి ఒంటి మీద ఎండి బిగుసుకుపోయి పండు ఏడ్చాడు. బండ వేషం నాడు కుంకుమ కళ్లలో పడి రేడియో ఏడ్చాడు. దొర వేషం నాడు నేను ఒళ్లంతా గంధం పూసుకుని, చేతిలో వేపమండతో తాతయ్యగుంట గంగమ్మ గుడి ముందు నిలబడితే మామయ్య ఫోటో తీశాడు. మామయ్య అప్పట్లో హైదరాబాదులో లైట్ల పని చేసేవాడు. 1995లో ఈటీవీ, జెమిని మొదలయ్యాక అక్కడ సీరియళ్ల పని బాగా పెరిగింది. ఇంటి కథ అన్నాక అందులో ఒక చిన్నపిల్లవాడు ఉండాలి కదా. ఆ ఫోటో ఏయే చేతులు మారిందో గానీ, జూన్‌లో బడి తెరిచేనాటికి నేను ఒక సీరియల్లో చిన్నబాబును అయిపోయాను. మీరు ఇప్పటికీ అలాగే పిలుస్తారు. మీ దగ్గర విని మా ఆవిడ కూడా అదే అలవాటు చేసుకుంది.

నెలకు పది పన్నెండు రోజులు షూటింగ్. సాయంత్రం వెంకటాద్రి రైలు ఎక్కితే తెల్లవారాక హైదరాబాదులో కాచిగూడ. అమ్మ తోడు వచ్చేది. తిరుగు ప్రయాణంలో పొద్దున్నే తిరుపతిలో దిగి, అమ్మను ఇంటికి పంపి, గోవిందరాజస్వామి గుడి పక్కనుంచి నడుచుకుంటూ నేను నేరుగా బడికి వచ్చేవాణ్ణి. చెవుల వెనక మేకప్ అలాగే ఉండేది. మొదటి బెంచి వాళ్లు నాకోసం నోట్సులు రెండేసి ప్రతులు రాశారు. లెక్కల సారు నా హాజరు గురించి హెడ్మాస్టరుగారితో ఎన్నిసార్లు మాట్లాడారో. 2000లో ఏడో తరగతి పరీక్షలు గట్టెక్కానంటే అది మీ చలవే. క్లాస్ లీడర్ చేతిరాత ఇవాళ ఎక్కడ కనిపించినా గుర్తుపడతాను, ముఖ్యంగా అక్షరాలకు పెట్టే ఆ గుడులూ సున్నాలూ.

ఇవన్నీ వివరంగా రాద్దామనే కూర్చున్నాను. కానీ కలం తెలుగు అయ్యవారి దగ్గరికే పోతోంది. బడిలో అందరినీ సార్ అన్నాం, ఆయనను మాత్రమే అయ్యవారు అన్నాం. ఎనిమిదో తరగతిలో ఆయన మనకు వచ్చారు.

అయ్యవారి ఇంట్లో టీవీ లేదు. నేను టీవీలో కనిపిస్తున్నానని ఎవరో చెబితే, ఒక సాయంత్రం ఇంటి యజమాని గది గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని చూశారట. మర్నాడు మూడో పీరియడ్ ఛందస్సు. బోర్డు మీద మత్తేభం గణాలు రాశారు: స భ ర న మ య వ. పధ్నాలుగో అక్షరం కింద యతి గుర్తు పెట్టారు. సుద్దముక్క బల్ల మీద ఉంచి నన్ను లేవమన్నారు.

"నిన్న టీవీలో ఎక్కడికి పోతానన్నావు?"

"మేడ మీదికి అయ్యవారూ."

"మేడ అన్నావా?"

నేను పలకలేదు.

"నీ నాలుక వచ్చి పళ్లకు తగిలింది, నేను చూశాను. డ అంటే నాలుక పైకి మడవాలి, పళ్ల జోలికి పోదు. నువ్వు అన్నది ఇంకేదో మాట. ఏమన్నావో చెప్పు."

"మిద్దె, అయ్యవారూ."

మీరంతా నవ్వారు. అయ్యవారు నవ్వలేదు. జరిగింది అదే. రాసిచ్చిన కాగితంలో మేడ అని ఉంది. మన ఇళ్లలో మేడ అనే మాట ఎవరంటారు? నా నోటికి మిద్దె వచ్చింది. దర్శకుడు ఆపలేదు, ఎందుకంటే నా గొంతు ఎలాగూ ఉంచరు. తర్వాత స్టూడియోలో ఒక ఆవిడ నా పాత్రకు మాటలు చెప్పేది. మేడకైనా మిద్దెకైనా ముందు పెదవులు కలవాలి కాబట్టి తెర మీద రెండూ అతికిపోయాయి. అన్ని ఇళ్లలో అంతమంది చూశారు, మా అమ్మ చూసింది, నేనూ చూశాను. పట్టుకున్నది గుమ్మంలో కూర్చున్న అయ్యవారు ఒక్కరే.

"మరి నీ గొంతు ఏమైంది?" అని అడిగారు.

"యాస ఉందన్నారు."

ఆయన పంచె అంచుతో వేళ్లకు అంటిన సుద్ద తుడుచుకుంటూ చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. ఆ రోజు పాఠం మళ్లీ మొదలుకాలేదు. గంట కొట్టాక వెళ్తూ వెళ్తూ, "రేపటి నుంచి ప్రార్థనలో పద్యం నువ్వు చదువు" అన్నారు. అంతవరకు ఆ పద్యం ఎవరు చదివేవారో, ఆమె నాతో ఎన్నాళ్లు మాట్లాడలేదో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ అమ్మాయికి ఇప్పుడు చెబుతున్నాను, నేను అడిగి తెచ్చుకోలేదు.

ఆ తర్వాత నేను ఊళ్లో ఉన్న ప్రతి రోజూ మొదటి గంటకు అరగంట ముందు వరండాలో పాఠం. అయ్యవారి చొక్కా జేబులో ఎప్పుడూ ఆర్టీసీ టికెట్లు ఉండేవి. ఒక టికెట్టు నా నోటి ముందు వేలాడేలా పట్టుకుని బ అనిపించేవారు. టికెట్టు నిశ్చలంగా ఉండాలి. భ అనిపించేవారు. రెపరెపలాడాలి. ప అంటే ఉండాలి, ఫ అంటే ఆడాలి. భారతం అన్నప్పుడు టికెట్టు కదలకపోతే, "అది బారతం. ఆ ఊరు నాకు తెలియదు" అనేవారు. రైలు దిగి నిద్రమొహంతో వచ్చినా సరే, టికెట్టు ఆడేవరకు వదిలేవారు కాదు.

అది అయ్యాక అగ్గిపుల్ల. పెదవులు కలవకుండా పలికే పద్యం ఒకటి నాకోసం ఆయనే కట్టారు, నిరోష్ఠ్యం. అందులో ప ఫ బ భ మ అనే అక్షరాలు ఒక్కటి కూడా ఉండవు. అగ్గిపుల్ల మందు తుంచేసి, సగానికి విరిచి, పై పెదవికీ కింది పెదవికీ మధ్య నిలువుగా నిలబెట్టి ఆ పద్యం చదవాలి. పుల్ల పడిందంటే ఎక్కడో పెదవి అనవసరంగా కదిలిందన్నమాట. మొదటి రోజు మూడో మాటకే పడింది. పండు పుల్లలు ఏరి అగ్గిపెట్టెలో వేస్తూ పక్కనే కూర్చునేవాడు, రేడియో లెక్కపెట్టేవాడు. నోట్లో పుల్ల తడిసి, గంధకం వాసన, కొయ్య చేదు. దసరా సెలవులకు ముందు రోజు నాలుగు పాదాలూ పుల్ల పడకుండా చదివాను. పండు చప్పట్లు కొట్టాడు. అయ్యవారు, "యతి దగ్గర ఊపిరి తీశావు. మళ్లీ చదువు" అన్నారు.

మిద్దె అనడం తప్పని ఆయన ఒక్కసారీ అనలేదు. ఏ మాట పలికినా అందులోని అక్షరాలన్నీ గేటు దగ్గరి వాచ్‌మన్‌కు వినబడాలి, అంతే ఆయన పట్టు. ఆ పద్యం కాగితం నా దగ్గర ఉంది. ఈ సంచికలో వేద్దామని అడిగితే, "అది అభ్యాసానికి రాసింది, అచ్చుకు రాసింది కాదు" అని ఒప్పుకోలేదు.

2001లో కథ ఉన్నట్టుండి పదిహేనేళ్లు ముందుకు దూకింది. చిన్నబాబుగా మీసాలున్న నటుడు వచ్చాడు. ఆఖరి మూడు నెలల డబ్బు మాకు రాలేదు. నాన్న రెండుసార్లు హైదరాబాదు వెళ్లి, అంగడి మూసుకుని తిరగలేక ఊరుకున్నారు. నా గొంతు కూడా అప్పుడే మారింది, ప్రార్థన పద్యం చిన్న తరగతి వాడికి వెళ్లింది. తొమ్మిది, పది తరగతులు ఎలా గడిచాయో చెప్పమంటే నాకు ఏమీ తోచదు. 2003 మార్చిలో పరీక్షలు రాశాం.

డిగ్రీ అయ్యాక 2008లో హైదరాబాదు వెళ్లాను. ముఖం చూపించి వేషాలు అడిగితే ఎవరూ గుర్తుపట్టలేదు. పని దొరికింది డబ్బింగ్‌లోనే. మొదట గుంపు గొంతులు: పెళ్లిలో గుసగుసలు, బజారులో బేరాలు. తర్వాత విలన్ పక్కనుండేవాళ్లు, ఆ తర్వాత కార్టూన్లలో ఎలుగుబంట్లు, హిందీ నుంచి వచ్చే సీరియళ్లలో అన్నదమ్ములు. ఈ పనిలో మొదట చూసేది పెదవుల కలయిక. తెర మీద మనిషి పెదవి మూసినచోట మన మాటలో ప గానీ బ గానీ మ గానీ పడాలి, లేకపోతే చూసేవాడికి ఎక్కడో తేడా తెలిసిపోతుంది. మిగతావాళ్లు నెలల తరబడి నేర్చుకునే ఈ సంగతి నాకు మొదటి రోజే వచ్చు. ఇంజనీరు ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, తిరుపతిలో వరండాలో అని చెప్పాను.

2010లో ఒక స్టూడియోలో పక్క మైకు దగ్గర నిలబడిన పెద్దావిడ నన్ను అదేపనిగా చూసి, "నువ్వు చిన్నబాబువు కదూ" అంది. నాకు మాటలు చెప్పిన ఆవిడే. అంతకుముందు మేం ఒకరినొకరం చూసుకోలేదు. "రెండేళ్లు నీ పెదవులే చూశాను బాబూ. మాట మొదలుపెట్టే ముందు నువ్వు కింది పెదవి ఒకసారి తడుపుకుంటావు. అది చూసి నేను అందుకునేదాన్ని" అంది. మిద్దె సంగతి అడిగాను. గుర్తులేదంది. అయ్యవారు పట్టుకున్న తీరు చెబితే మాత్రం చేతిలోని కాగితాలు పక్కన పెట్టి మొత్తం విన్నది. అయ్యవారికి తన నమస్కారాలు చెప్పమంది. ఆయనకు చెప్పాను. "ఆమె పని ఆమె శ్రద్ధగా చేసింది. తిరుపతికి వస్తే ఇంటికి తీసుకురా" అన్నారు.

ఇప్పుడు యూసుఫ్‌గూడలో నాకు సొంత డబ్బింగ్ గది ఉంది. చిన్నదే. నాతో ముగ్గురు పనిచేస్తారు, ప్రతి నెలా ఒకటో తేదీకి జీతం అందుతుంది. పిల్లల పాత్రలకు పిల్లలతోనే చెప్పించాలని మొదటి నుంచీ నా పంతం. పెద్దవాళ్లతో చెప్పిస్తే గంటలో అయ్యే పని పిల్లలతో పూట పడుతుంది, నిజమే. అయినా ఆ పని మా గదికే వస్తోంది.

గది తలుపుకు ఒక కాగితం అంటించి ఉంటుంది. బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించి, 2017లో నియమాలు తెచ్చినప్పుడు నేనే తెలుగులో రాసి పెట్టాను. పిల్లలు రోజుకు ఐదు గంటలకు మించి పనిచేయకూడదు. విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు. వరుసగా 27 రోజులకు మించకూడదు. కలెక్టరు అనుమతి ఉండాలి. వచ్చే డబ్బులో కనీసం 20 శాతం ఆ బిడ్డ పేరనే బ్యాంకులో డిపాజిట్ చేయాలి. అర్ధరాత్రి దాటాక నన్ను నిద్రలేపి ఏడుపు సన్నివేశం తీసిన రోజులు నాకు తెలుసు కాబట్టి, మా గదిలో నలభై నిమిషాలకు ఒకసారి పిల్లలను బయటికి పంపిస్తాను. పిల్లవాడి పేర తీసిన బ్యాంకు పుస్తకం చూపిస్తే తప్ప మైకు పెట్టను. ఈ విషయంలో ఒకరిద్దరు నా దగ్గరికి రావడం మానేశారు. మానేయనీ.

నిరుడు పీలేరు నుంచి ఒక పాప వచ్చింది, తొమ్మిదేళ్లది. కాగితంలో మేడ అని ఉంది, పాప మిద్దె అంది. అద్దం అవతలి నుంచి ఇంజనీరు నా వైపు చూశాడు. ఉంచమన్నాను. అది అలాగే ప్రసారమైంది. ఆ ముక్క ఫోనులో పెట్టుకుని వెంకటాద్రి ఎక్కి అయ్యవారి దగ్గరికి వచ్చాను. ఆయన ఫోను కుడి చెవికి ఆనించుకుని రెండుసార్లు విన్నారు. "ద్దె బాగా పలికింది. ఎవరి అమ్మాయి?" అన్నారు. పీలేరు అన్నాను. మూడోసారి విన్నారు.

సభకు ఆయనను తీసుకువచ్చే బాధ్యత నాది. కమిటీకి రెండు విన్నపాలు. సభ మొదట్లో ప్రార్థన పద్యం నాకు ఇవ్వండి. పండు అగ్గిపెట్టె తెస్తాడు, వాడితో మాట్లాడాను. రెండోది, అయ్యవారికి ఎడమ చెవి పూర్తిగా వినబడటం లేదు, ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పరు. కుడి చెవి మైకు వైపు ఉండేలా కుర్చీ వేయించండి.