యాభై శీర్షికలు, ఒకటే పేజీ: మా కాలేజీ పత్రిక విషయసూచిక

తిరుపతిలో మా కాలేజీ వార్షిక పత్రిక పని నా మీద పడ్డప్పుడు అందరూ అడిగింది కవర్ గురించే. శేషాచలం కొండల ఫోటో పెడదామన్నారు, పెట్టేశాం, ఒక్క మధ్యాహ్నంలో తేలిపోయింది. అసలు కుస్తీ అంతా విషయసూచికతోనే.

దానికి ఇవ్వగలిగింది ఒక్క పేజీ. మాది 64 పేజీల ఎ4 పత్రిక, మధ్యలో పిన్ను కొట్టే రకం. ఇలాంటి వాటికి పేజీలు నాలుగేసి చొప్పునే పెరుగుతాయి. సూచిక రెండో పేజీకి పాకితే, ఇంకో మూడు పేజీలకి సరుకు వెతుక్కోవాలి, ఖర్చూ పెరుగుతుంది. ఆ ఒక్క పేజీలోనే ప్రిన్సిపాల్ సందేశం మొదలుకొని దాదాపు యాభై శీర్షికలు, రాసినవాళ్ల పేర్లు, తరగతులు పట్టాలి.

మేం వెళ్లే డీటీపీ అన్న అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాతరకం తెలుగు ఫాంట్లు) చెయ్యి తిరిగిన మనిషి. మా పిల్లలు ఫోన్లో టైప్ చేసి వాట్సాప్‌లో పంపిందేమో యూనికోడ్, అంటే ఏ ఫోన్‌కైనా కంప్యూటర్‌కైనా అర్థమయ్యే అక్షరాల పద్ధతి. దాన్ని అనులోకి మారిస్తే ఎక్కడో ఒక ఒత్తు ఎగిరిపోతోంది. యూనికోడ్‌తోనే చేద్దామని పట్టుబట్టాను. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో పేస్ట్ చేయగానే ‘రాష్ట్రం’లోని ఒత్తులు కిందికి దిగకుండా పక్కపక్కన వరసగా నిలబడ్డాయి. “ఇందుకే వద్దన్నా పాపా” అన్నాడు అన్న. పారాగ్రాఫ్ సెట్టింగుల్లో, మన లిపుల ఒత్తుల్ని సరిగ్గా పేర్చే వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకున్నాక ఎక్కడివక్కడ సర్దుకున్నాయి.

ఫాంటు దగ్గర ఇంకో చిక్కు. మండలి అనే ఫాంటు చదవడానికి హాయిగా ఉంటుంది, కానీ దానికి బోల్డ్, అంటే లావు రూపం, లేదు. లేని బోల్డ్‌ని ఇన్‌డిజైన్ తనంతట తాను పుట్టించదు. సూచికలో శీర్షిక ఒక మందంలో, పేరు ఇంకో మందంలో ఉంటేనే కన్ను పట్టుకుంటుంది కదా. అందుకని నోటో సాన్స్ తెలుగు ఫాంటు తీసుకున్నాం, అందులో సన్నం నుంచి లావు దాకా తొమ్మిది మందాలున్నాయి. విభాగాల పేర్లకి రామభద్ర ఫాంటు. లైన్ల మధ్య జాగా బిగిస్తే పై లైను ఒత్తు కింది లైను గుడికి తగులుతుంది, కాబట్టి అక్షరం సైజు తగ్గించుకున్నాం గానీ జాగా మాత్రం తగ్గించలేదు.

అయినా పట్టలేదు. కారణం కవితలు. అమ్మ, మా అమ్మ, అమ్మ ప్రేమ, అమ్మకు ప్రేమతో, మధ్యలో ఒక నాన్న, మళ్లీ అమ్మ. “ఇంతమంది అమ్మల్ని ఒక పేజీలో ఎట్లా కూర్చోబెట్టేది?” అని అన్న నవ్వాడు. అప్పుడు తోచింది: ఈ శీర్షికల్ని బట్టి ఎవరూ ఏ కవితనీ వెతుక్కోలేరు. పత్రిక చేతికి రాగానే పిల్లలు వెతికేది తమ పేరు, తర్వాత స్నేహితుల పేర్లు. కవితలన్నిటికీ కలిపి ఒక పెట్టె గీసి, అందులో పేరు, తరగతి, పేజీ నంబరు మాత్రమే, అకారాది క్రమంలో పెట్టాం. సగం కాలమ్ మిగిలింది.

తెలుగు మేడమ్‌కి ఇది నచ్చలేదు. “శీర్షిక లేని సూచిక ఏం సూచికమ్మా? రచనకి గౌరవం ఉండొద్దా?” అన్నారు. ఆవిడ మాటలో న్యాయం లేకపోలేదు. కథలకీ వ్యాసాలకీ శీర్షిక మందంగా పైన, పేరు కింద అదే సైజులో సన్నగా పెట్టి చూపిస్తే, కవితల పెట్టెకి ఒప్పుకున్నారు. పేజీ నంబర్లు తెలుగు అంకెల్లో వేద్దామని కూడా అడిగారు. నాకూ ఇష్టమే, కానీ లోపలి పేజీల కింద 1, 2, 3 అని వేసి, సూచికలో ౧, ౨, ౩ అంటే తిప్పేవాడికి తిప్పలే.

శీర్షిక నుంచి నంబరు దాకా పరిచే చుక్కల వరస తీసేశాం. రెండు కాలమ్‌ల పేజీలో అవి ఉత్త దుమ్ములా కనిపిస్తాయి. నంబరునే ఎడమ పక్కకి తెచ్చి, 7 కింద 47 వచ్చినా ఒకట్ల స్థానం కలిసేలా కుడివైపుకి ఆనించాం. ఇంగ్లీషు, హిందీ విభాగాలు కింద. తమిళంలో రాసిన అమ్మాయి పేరు తెలుగులో, తమిళంలో రెండుసార్లు వేశాం. మన జిల్లాలో అది మామూలే.

చివరి ప్రూఫ్ వేళకి ప్రకటన ఒకటి వచ్చింది. వెనక ఫోటోల పేజీ ఒకటి తీసి, ప్రకటనని మధ్యలో దూర్చాం, దాని తర్వాతి నంబర్లన్నీ జరిగాయి. కథలు, వ్యాసాలకి స్టైల్స్ (ఏది శీర్షికో ఇన్‌డిజైన్‌కి తెలిపే గుర్తులు) పెట్టి ఉన్నాం కాబట్టి సూచికని అప్‌డేట్ చేస్తే మారిపోయాయి. కవితల పెట్టె చేత్తో కట్టింది. ఒకరు పేరు చదువుతుంటే ఇంకొకరు పేజీ తిప్పి సరిచూడాల్సి వచ్చింది. ఒకే పేరున్న ఇద్దరు బయటపడింది అప్పుడే. వాళ్ల తరగతి పక్కన సెక్షన్ కూడా చేర్చి పీడీఎఫ్ ఇచ్చేశాం.