మధ్యాహ్నం ఇన్సులిన్ మారింది

నాకు టైప్ 1 షుగర్ డిగ్రీలో ఉండగా బయటపడింది. అప్పట్నుంచీ రాత్రి పూట రోజంతా నెమ్మదిగా పనిచేసే ఒక బేసల్ ఇన్సులిన్, మూడు పూటలా తిండికి ముందు త్వరగా పనిచేసే ఆస్పార్ట్ ఇన్సులిన్. ఇల్లు శ్రీకాకుళంలో, ఉద్యోగం ఆమదాలవలస వైపు హైస్కూల్లో. ఇన్నేళ్లూ నన్ను బాధపెట్టింది మధ్యాహ్నం పూటే. ఆస్పార్ట్ వేసుకున్నాక పది, పదిహేను నిమిషాలు ఆగి తినాలి. బెల్ కొట్టాక పిల్లల్ని కూర్చోబెట్టి, అందరికీ వడ్డించారో లేదో చూసి, నేను క్యారేజీ విప్పేసరికి టైం అయిపోయేది. వేసుకోగానే తినేస్తే, తిన్న రెండు గంటల తర్వాత షుగర్ 280. ముందే వేసుకుంటే ఎవరో ఒక పేరెంట్ వచ్చేవారు, తిండి ఆలస్యమై కళ్లు తిరిగేవి.

డాక్టరు గారు నేను రాసుకున్న రీడింగులు చూసి, "డోసులో తేడా లేదమ్మా, నీకు టైమే కుదరట్లేదు" అని ఫియాస్ప్ అనే ఇన్సులిన్‌కి మార్చారు. అదీ ఆస్పార్టే. నియాసినమైడ్ అనే బి3 విటమిన్ కలిపినందువల్ల చర్మం కింద నుంచి రక్తంలోకి ఇంకాస్త ముందే చేరుతుంది. తినబోయే రెండు నిమిషాల ముందు వేసుకున్నా సరే, కుదరనప్పుడు తినడం మొదలుపెట్టిన ఇరవై నిమిషాల్లోపు వేసుకున్నా సరే. యూనిట్లు పాతవే ఉంచారు. కానీ కొన్నాళ్లు తినే ముందు, తిన్న గంటకి, మూడు గంటలకి, పడుకునే ముందు షుగర్ చూసి రాయమన్నారు. ఆ మాట ఎందుకన్నారో కనుమ రోజున తెలిసింది.

ఆ రోజు గారెలు, కోడి పులుసు. తినే ముందు 140 ఉంది, మామూలు డోసే వేసుకున్నాను. గంట గడవకుండానే చేతులు వణికాయి, జాకెట్టు తడిసిపోయింది. అత్తయ్య చూసి, "ఏటమ్మా, సెమటలు పోసేస్తన్నాయి? సుగరు పడిపోనాదేటి?" అంటూ గ్లూకోజు డబ్బా తెచ్చారు. మీటర్లో 61. పదిహేను గ్రాములు నీళ్లలో కలుపుకుని తాగి, పదిహేను నిమిషాలాగి చూస్తే 84. అర్ధరాత్రి అదే మీటర్లో 260! నూనె పదార్థాలు కడుపులో నెమ్మదిగా అరుగుతాయి. ఇన్సులిన్ ముందు పని చేసేసింది, తిన్నది తర్వాత ఎక్కింది. అలాంటి భోజనాలకి సగం తిన్నాక వేసుకోమని డాక్టరు గారు నాకు చెప్పారు. అందరికీ అదే సరిపోతుందని కాదు. ఎవరి రీడింగులు చూపించి వాళ్లే అడగాలి.

అన్నం, పప్పు, కూర పూటల్లో మాత్రం నాకు చాలా మేలు జరిగింది. వేసుకున్నచోట అప్పుడప్పుడు చురుక్కుమంటుంది, చోటు మారుస్తుంటాను. మూడు నెలల షుగర్ సగటు చెప్పే HbA1c పరీక్షలో 8.4 శాతం నుంచి 7.3కి వచ్చింది.

ఇంకో సంగతి తప్పకుండా చెప్పాలి. ఒకసారి మందుల షాపులో నా కార్ట్రిడ్జ్, అంటే ఇన్సులిన్ పెన్నులో పెట్టే మందు గొట్టం, దొరకలేదు. "ఇదీ స్పీడుదే మేడం" అంటూ లిస్ప్రో అనే వేరే ఇన్సులిన్ సీసా, దాంతోపాటు ఎర్ర మూత సిరంజీ ఇచ్చారు. సీసా మీద 100 అని ఉంది, అంటే ఒక మిల్లీలీటరులో 100 యూనిట్లు. ఎర్ర మూత సిరంజీ, మిల్లీలీటరుకి 40 యూనిట్లుండే సీసాల కోసం. అందులో 10 గీత దాకా 100 మందు లాగితే ఒంట్లోకి వెళ్లేది 25 యూనిట్లు. రెండున్నర రెట్లు! ఇది ప్రాణం మీదకి వచ్చే విషయం, కౌంటర్లో ఎవరూ పట్టించుకోలేదు. పైగా లిస్ప్రోకి మళ్లీ ఆ పదిహేను నిమిషాల ఆగడం ఉంటుంది. ఒక కంపెనీ కార్ట్రిడ్జ్ ఇంకో కంపెనీ పెన్నులో పెట్టకూడదు కూడా. అక్కడే నిలబడి డాక్టరు గారికి ఫోన్ చేశాను. నా మందు ఉన్న ఇంకో షాపు చెప్పారు.

ఇప్పుడు మందులకి అత్తయ్య వెళ్లినా చీటీ మీద పేరు, కార్ట్రిడ్జ్, 100 అని పెద్ద అక్షరాలతో రాసిస్తాను. అందులో ఏ ఒక్కటి మారినా డబ్బులివ్వకుండా ముందు నాకు ఫోన్ చేస్తారు.