పిల్లలు లేని బడి ముందు నలభై

ఫైన్ కాగితం నేరుగా నా ఇంటికి వచ్చుంటే గుట్టుగా కట్టేసి ఊరుకునేవాణ్ణి. కానీ వ్యాన్ కంపెనీ పేరు మీద ఉంది కాబట్టి అది ముందు డిపోకి వెళ్ళింది. ఆ రోజు ఆ బండి ఎవరు తోలారో కంపెనీ రాసి పంపాలి. పొద్దున ఆరింటికి పార్సిళ్ళు ఎక్కించుకుంటుంటే మా సూపర్‌వైజర్ ఆ కాగితం పట్టుకొచ్చి, అందరూ వింటుండగానే "ఇది నువ్వేగా?" అన్నాడు. ఫోటోలో తెల్ల వ్యాన్, నంబర్ ప్లేటు. వేగం 58. ఉండాల్సింది 40.

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "ఆ రోజు అసలు స్కూలే లేదు."

ఆయన అరవై దాటిన మనిషి, చిన్నప్పుడే ఇటలీ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. గొంతు పెంచలేదు. "బోర్డు మీద పిల్లల సంగతి ఏమైనా రాసుందా?" అని అడిగి, కాగితం నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది. ఆ ప్రశ్న ఆరు నెలలుగా నన్ను పట్టుకుని వదలడం లేదు.

నేను సిడ్నీలో పడమటి వైపు, బ్లాక్‌టౌన్, టూంగాబీ, వెంట్‌వర్త్‌విల్ చుట్టుపక్కల పార్సిళ్ళు వేస్తాను. ఈ ఏరియాలో మనవాళ్ళు ఎక్కువ. తలుపు తీసేసరికి పోపు వాసన వచ్చే ఇళ్ళు రోజుకి పదైనా తగులుతాయి. స్కూళ్ళూ ఎక్కువే. సిడ్నీ ఉన్న రాష్ట్రం న్యూ సౌత్ వేల్స్‌లో స్కూల్ జోన్, అంటే బడి ముందు రోడ్డు ముక్క మీద, దాదాపు అన్నిచోట్లా పొద్దున 8 నుంచి 9:30, మధ్యాహ్నం 2:30 నుంచి 4 దాకా గంటకి 40 కిలోమీటర్లు. మిగతా టైములో అదే రోడ్డు మీద 50, కొన్నిచోట్ల 60. రోడ్డు మీద తెల్లగా పళ్ళ వరసలాగా త్రికోణాలు గీసి ఉంటాయి, బోర్డుకి లైట్లు మిణుకుమిణుకుమంటూ ఉంటాయి. ఇంత చేశాక కూడా నాకు తెలియలేదంటే ఎవరు నమ్ముతారు? తెలుసు. తెలియనిది ఒక్కటే, బోర్డు అడుగున ఉన్న రెండు మాటలు: స్కూల్ డేస్.

స్కూల్ డే అంటే పిల్లలు స్కూలుకి వెళ్ళే రోజు అనుకున్నాను. ఇంకేం అనుకుంటాం? మనకి రాత్రి పదింటికి వాయుగుండం వార్త, పదకొండింటికి కలెక్టర్ గారు సెలవిచ్చారని వాట్సాప్ మెసేజ్, అంతే, తెల్లారితే అది బడి రోజు కాదు. రెండో శనివారం బడి రోజు కాదు. బంద్ అయితే అంతకంటే కాదు. పిల్లవాడు బ్యాగు తగిలించుకుంటే బడి, లేకపోతే లేదు.

ఇక్కడ అలా కాదు. ప్రభుత్వ గెజిట్‌లో ఫలానా తేదీ స్కూల్ డే అని ఉంటే అది స్కూల్ డే. టర్మ్ మొదట్లో టీచర్లకి ట్రైనింగ్ ఉంటుంది, ఆ రోజు పిల్లలు రారు, కానీ గెజిట్ లెక్కలో అది స్కూల్ డేనే. నేను దొరికింది సరిగ్గా ఆ రోజే. ఏప్రిల్ చివర్లో రెండో టర్మ్ మొదటి రోజు, మధ్యాహ్నం మూడు దాటింది. గేటుకి తాళం, పేవ్‌మెంట్ మీద పురుగు లేదు, స్టాప్ బోర్డు పుచ్చుకుని పిల్లల్ని దాటించే పెద్దావిడ కూడా లేదు. లైట్లు మాత్రం వెలుగుతున్నాయి. వాటిని చూసి నేనేమనుకున్నానో చెబితే నవ్వుతారు: ఎవరో ఆపడం మర్చిపోయారు పాపం అనుకున్నా. మా ఊళ్ళో వీధి దీపాలు పట్టపగలు పన్నెండింటికి వెలుగుతుంటే చూస్తూ పెరిగినవాణ్ణి మరి.

డబ్బు సంగతి సరే, రెండు రోజుల సంపాదన పోయింది. అసలు భయం పాయింట్లది. ఇక్కడ తప్పు చేస్తే పాయింట్లు పోవు, పడతాయి. మామూలు లైసెన్సు మీద మూడేళ్ళలో 13 పడితే బండి పక్కన పెట్టాల్సిందే. నేను దాటింది 18 కిలోమీటర్లు. మామూలు చోట అయితే 3 పాయింట్లు, స్కూల్ జోన్ కాబట్టి 4. లాంగ్ వీకెండ్ వస్తే వేగానికి పడేవి రెట్టింపు అవుతాయి. లైసెన్సే నా అన్నం ముద్ద, అది పోతే నాకు ఇక్కడ వేరే పని లేదు.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. ఒంగోలు డిపోలో ముప్ఫై ఏళ్ళు బస్సు తోలిన మనిషి, ఒక్క యాక్సిడెంట్ లేదు. గట్టిగా తిడతాడు, తిడితే మనసు కుదుటపడుతుందని ఆశ. "స్కూలు లేని రోజు ఫైన్ వేశారు నాన్నా" అన్నాను.

"పిల్లలు లేరా?"

"ఒక్కడు లేడు."

"మరి దేనికి వేశార్రా? అన్యాయం కాదూ? మీకు యూనియన్ లేదా?"

లేదు నాన్నా అన్నాను. చాలాసేపు యూనియన్ లేకపోవడం గురించే మాట్లాడాడు. అద్దంకి రోడ్డులో బడి ముందు ఉన్న స్పీడ్ బ్రేకర్ గురించి కూడా చెప్పాడు. దానికి తెల్ల రంగు ఎప్పుడో పోయింది, అయినా ప్రతి డ్రైవరుకీ అది ఎక్కడుందో నడుముకి తెలుసు. నిజమే. మనవైపు 'ముందు పాఠశాల కలదు' అని బోర్డు ఉంటుంది, దాన్ని చూసి బ్రేక్ వేసినవాణ్ణి నేను చూడలేదు. పిల్లల్ని చూసి వేస్తాం, లేదా స్పీడ్ బ్రేకర్‌కి భయపడి వేస్తాం. ఎదురుగా ఉన్నదాన్ని బట్టి నడపడం మనకి అలవాటు. ఇక్కడ చేతి గడియారాన్నీ క్యాలెండర్‌నీ బట్టి నడపమంటారు.

పొద్దున 9:28కి చూడాలి ఇక్కడ. ముప్ఫై కార్లు బారులు తీరి పెళ్ళి ఊరేగింపులాగా నలభైలో పోతుంటాయి. 9:30 అయిందంటే ఎవరో విజిల్ వేసినట్టు అన్నీ ఒకేసారి లేస్తాయి. ఆ రెండు నిమిషాల్లో రోడ్డు మీద ఏం మారింది? ఏమీ మారలేదు. నాకు మొదట్లో ఇది పిచ్చిలా కనపడేది.

వేరే రాష్ట్రంలో, అడిలైడ్‌లో నా స్నేహితుడొకడు ఉన్నాడు. అక్కడ పాత పద్ధతి స్కూల్ జోన్‌లో టైము లేదు. పిల్లలు ఉంటే 25, ఏ టైమైనా సరే. రోడ్డు మీదే కాదు, పక్కన పేవ్‌మెంట్ మీద ఒక్క పిల్ల నడుస్తున్నా ఉన్నట్టే. అదీ న్యాయం, మన పద్ధతి అని సంబరపడ్డాను. వాడు నవ్వాడు. "పార్క్ చేసిన కారు వెనక పిల్లాడున్నాడో లేడో నాకెలా తెలుస్తుందిరా? తల తిప్పీ తిప్పీ మెడ పట్టేస్తుంది. నీకు టైము రాసిచ్చారు, అదృష్టవంతుడివి" అన్నాడు.

అప్పుడు లెక్క వేశాను. 58లో సెకనుకి 16 మీటర్లు పోతాం, 40లో 11. కారు చాటు నుంచి బంతి దొర్లుకొచ్చాక కాలు బ్రేక్ మీదికి వెళ్ళేలోపే ఈ తేడా. చూశాక తగ్గిద్దాంలే అనుకునేవాడికి ఆ ఐదు మీటర్లు ఎవరిస్తారు? ఒప్పుకుంటాను. కానీ తాళం వేసిన బడి ముందు ఆ లెక్క ఎవరి కోసం అన్న నా ప్రశ్న అలాగే ఉంది.

దానికీ సగం జవాబు దొరికింది, అదీ పార్సిల్ వేస్తుంటేనే. జులైలో అలాంటిదే టీచర్ల ట్రైనింగ్ రోజు ఒకటి వచ్చింది. ఒక స్కూల్ ఆఫీసులో పెట్టె ఇవ్వాల్సొచ్చింది. ముందు గేటు మూసే ఉంది, పక్క గేటు నుంచి రమ్మన్నారు. వెళ్తే లోపల హాల్లో పాతికమంది పిల్లలు రంగులు పూసుకుంటున్నారు. పనికి పోయే తల్లిదండ్రుల పిల్లల్ని స్కూలు లేని రోజు అక్కడే చూసుకుంటారట. రోడ్డు మీంచి చూస్తే ఆ స్కూలు మనిషి లేనట్టే ఉంది.

సగం జవాబే అని ఎందుకన్నానంటే, టర్మ్ సెలవుల్లో కూడా అలాంటి హాళ్ళలో పిల్లలుంటారు. అప్పుడు మాత్రం 40 లేదు. ఇది మా సూపర్‌వైజర్‌కి చెప్పాను, నెగ్గాననుకుంటూ. ఆయన భుజాలెగరేసి, ఫ్రిజ్ మీద అంటించుకునే స్కూల్ క్యాలెండర్ ఒకటి తీసి ఇచ్చాడు. టీచర్ల రోజులన్నిటికీ పచ్చ స్కెచ్‌పెన్‌తో తనే గుండ్రాలు చుట్టి పెట్టాడు. ఎప్పుడు కూర్చుని చుట్టాడో! ఫైన్ గురించి మళ్ళీ ఎత్తలేదు. ఫోన్‌లో మా డెలివరీ యాప్‌కి మాత్రం ఈ గుండ్రాలు పట్టవు, రెండున్నర నుంచి నాలుగు దాకా కూడా గంటకి అన్నే డెలివరీలు చూపిస్తుంది. ఆలస్యమైతే ఎర్రగా మారుతుంది. ఎర్రగానే ఉండనీ అని వదిలేశాను.

క్యాలెండర్ ఇప్పుడు వ్యాన్‌లో సన్‌షేడ్‌కి క్లిప్పు పెట్టి ఉంది. అక్టోబర్‌లో గడియారాలు గంట ముందుకి జరిపారు కదా, వ్యాన్‌లోది ఎవరూ జరపలేదు. రెండున్నరకి అది ఒకటిన్నర చూపిస్తోంది. మార్చే బటన్ ఎక్కడుందో డిపోలో ఒక్కడికీ తెలియదు. దాని మీద అట్టముక్క ఒకటి అంటించి, ఫోన్ చూసుకుంటూ నడుపుతున్నాను. చేత్తో పట్టుకుని కాదు లెండి, స్టాండ్‌లో పెట్టే. దానికి ఇంకో ఫైన్ ఉంది ఇక్కడ.