బుడమేరు నీళ్ళు దిగాక మా వెల్డింగ్ షాపు

మా వెల్డింగ్ షాపు విజయవాడ సింగ్‌నగర్‌లో. గేట్లు, కిటికీ గ్రిల్స్, మెట్ల రెయిలింగులు, దోమల మెష్ తలుపులు, ఇదీ మా పని. నేనూ, మా అక్క కొడుకూ, పని ఎక్కువైతే రోజు కూలీకి వచ్చే ఇంకో మనిషీ. 2024 సెప్టెంబరు 1 ఆదివారం కదా, ముందురోజు రాత్రి ఆ వానలోనే షట్టరు దించి ఇంటికి వచ్చేశాం. పొద్దున లేచేసరికి బుడమేరు వాగు మా వీధిలో ఉంది.

బుడమేరు కట్టకు పడిన మూడు గండ్లు 7వ తారీఖుకు గానీ పూడలేదు. ఆ వారమంతా మేం మేడ మీదే. ఫ్లైఓవర్ దగ్గర నుంచి పడవల్లో వచ్చిన పాల ప్యాకెట్లు, డ్రోన్లు దించిన అన్నం పొట్లాలు, ఆ కథ ఊరందరికీ తెలిసిందే, మళ్ళీ చెప్పను. నీళ్ళు దిగాక షాపులో ఏది ఉంచాలి, ఏది పారేయాలి అని మేం పడ్డ తిప్పల గురించే ఇది.

షట్టరు ఎత్తేసరికి ముందు వాసన కొట్టింది. చీలమండ లోతు బురద. గోడ మీద ఐదడుగుల ఎత్తున గోధుమరంగు గీత, దాని మీద నల్లగా మెరుస్తూ ఇంకో గీత. మా ఎదురుగా బైకు మెకానిక్ షాపు ఉంది. వాళ్ళ పాత ఇంజన్ ఆయిలంతా నీళ్ళ మీద తేలి మా షాపుకీ వాళ్ళ షాపుకీ సమానంగా అంటుకుంది. ఆ నల్లగీతే తర్వాత నాకు ఎక్కువ ఖర్చు పెట్టించింది.

మావాడు లోపలికి రాగానే చేసిన మొదటి పని వెల్డింగ్ మిషను మీద బురద తుడిచి, "మావయ్యా, రెండు రోజులు ఎండలో పెడితే ఆన్ చేసి చూద్దాం" అనడం. వాడిని తప్పు పట్టను. నాకూ అదే అనిపించింది. అప్పుడే ఆటోనగర్‌లో మా గురువుకి ఫోన్ చేశాను. నేను పని నేర్చుకున్నది ఆయన దగ్గరే, వరసకు బాబాయి. ఆయన ఒకటే మాట అన్నాడు: "మెయిన్ ఫ్యూజులు పీకి జేబులో వేసుకో. ముందు కడుగు, తర్వాత ఆరబెట్టు, తర్వాత కొలువు. ఆన్ చేయడం ఆఖరు."

కడగడమేంటి, తడిసిన మిషనుని మళ్ళీ తడపడమేంటి అని మావాడికి ఆశ్చర్యం. కానీ కరెంటుకి నీళ్ళకంటే బురద పెద్ద శత్రువు. నీళ్ళు ఆరిపోతాయి, చుట్టల మధ్య ఇరుక్కున్న ఒండ్రు ఆరిపోదు. అది చెమ్మ పట్టుకుని కూర్చుంటుంది, దాని గుండా కరెంటు బాడీకి పాకుతుంది. మా పాత మిషను రాగి చుట్టల ట్రాన్స్‌ఫార్మరు రకం. కవరు విప్పి మంచినీళ్ళ పైపు పెట్టి, బురద రాకుండా పోయేదాకా కడిగాం. తర్వాత ఎండ. సాయంత్రాలు అట్టపెట్టె బోర్లించి లోపల రెండు వంద వాట్ల బల్బులు వెలిగించి ఉంచాం. ఈ రోజుల్లో ఆ పాత బల్బులు దొరకడమే కష్టం, గవర్నర్‌పేటలో నాలుగు కొట్లు తిరిగాను.

మా వీధి ఎలక్ట్రీషియన్ అన్నయ్య 500 వోల్టుల మెగ్గర్ తెచ్చాడు, కరెంటు బాడీకి లీకవుతుందా అని మెగా ఓమ్‌లలో కొలిచే మీటరు అది. చుట్టకీ ఇనుప బాడీకీ మధ్య పెట్టి చూస్తే మొదటిసారి ముల్లు సున్నా దగ్గర నుంచి కదల్లేదు. ఐదు రోజులకు సున్నా పాయింట్ మూడు. "ఒక మెగా ఓమ్ బాగా దాటితే గానీ నేను వైరు కలపను, నువ్వు తిట్టినా సరే" అన్నాడు. పన్నెండో రోజున నాలుగు దాటింది. అప్పుడు చుట్టలకు వార్నిష్ కొట్టించి, అది ఆరాక ఆన్ చేశాం. వరదకు రెండేళ్ళ ముందు మోజుపడి కొన్న ఇన్వర్టర్ మిషను, అంటే ఎలక్ట్రానిక్ బోర్డుతో నడిచే వెల్డింగ్ మిషను, మాత్రం పోయింది. దాని బోర్డు విప్పి చూస్తే కాళ్ళన్నీ పచ్చగా తుప్పు. మూడు గ్రైండర్లలో ఒకటి బతికింది.

ఇనుము సంగతి తేలిక. పైన తుప్పు పట్టినా లోపల ఇనుము ఇనుమే. వైరు బ్రష్ వేసి గీరి, వెర్నియర్ పెట్టి మందం చూసుకుంటే చాలు. పదిరోజుల నీళ్ళకు పైపు అరిగిపోదు. చదరం పైపులతోనే ఒక చిక్కు వచ్చింది. సగం పని అయిన గేటు ఒకటి లోపల ఉంది, ఫ్రేము చుట్టూ మూసేసి ఉంది. ఎక్కడో వెల్డింగ్ వదిలేసిన సందులోంచి నీళ్ళు లోపలికి దూరాయి. అది మాకు తెలియదు. మావాడు కింద మూల మీద రాడ్డు ఆనించి పది సెకన్లు కాలేదు, సందులోంచి మరిగే బురదనీళ్ళు బుస్సున చిమ్మాయి. తోలు గ్లవ్ ఉండబట్టి సరిపోయింది. నీళ్ళు ఆవిరైతే చోటు చాలదు, దారి లేకపోతే పగలగొట్టుకుని వస్తుంది. అప్పటి నుంచి మూసి ఉన్న ఏ పైపుకైనా కింది వైపు డ్రిల్లుతో చిన్న బొక్క పెట్టి, వంచి చూసి, ఆ తర్వాతే మంట.

రాడ్ల దగ్గరే నేను బుద్ధి తక్కువ పని చేశాను. మామూలు పనికి వాడే 6013 రకం వెల్డింగ్ రాడ్లు పద్నాలుగు ప్యాకెట్లు మునిగాయి, 7018 రకం రెండు. బాబాయి ముందే చెప్పాడు, నీళ్ళలో నానిన రాడ్డు మీద మందుకి, అంటే దాని పైపూతకి, ఇక నమ్మకం లేదని. మామూలు చెమ్మ పట్టిన 6013 అయితే వంద, నూట ఇరవై డిగ్రీల్లో ఒక గంట వేడి చేసి వాడుకోవచ్చు. 7018 అయితే మూడు వందల డిగ్రీల పైన కాల్చాలి, దానికి ఓవెన్ కావాలి. పదిరోజులు మురికినీళ్ళలో నానినవాటికి ఇవేవీ పనికిరావు. ఇదంతా విన్నాను. విని కూడా, మందు రాలని రాడ్లు ఏరి నాలుగు రోజులు మేడ మీద వడియాల్లా ఎండబెట్టాను. అప్పటికి చేతిలో డబ్బు లేదు, చీటీ ఇంకా పాడలేదు. మనసు ఏదో ఒక సాకు వెతుక్కుంటుంది.

వాటితో మా వీధిలోనే ఒక రిటైర్డ్ మాస్టారి గేటుకు బందులు వేశాను. మంట చిటపటలాడింది, ఆర్క్ నిలకడగా లేదు, అతుకు మీద పేరుకున్న స్లాగ్ పెచ్చు కొట్టి చూస్తే సూదితో పొడిచినట్టు చిన్న చిన్న బొక్కలు. పైన ఇంకో వరస వేసి గ్రైండ్ చేసి పెయింటు కొట్టేశాను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. తొమ్మిదో రోజు ఆయన ఫోన్ చేశారు, "బాబూ, గేటు ఒక పక్కకి ఒరిగింది" అని. వెళ్ళి చూస్తే పై బందు అతుకు దగ్గరే విడిపోయింది, విరిగిన చోట లోపలంతా బొరుగుల్లా ఉంది. పిల్లలు ఎక్కి ఊగే గేటు అది. కొత్త రాడ్లు కొని ఉచితంగా మళ్ళీ వేసి ఇచ్చాను. మిగిలిన పాత రాడ్లు ఎవరూ ఏరుకోకుండా రెండుగా వంచి మరీ పారేశాను.

కటింగ్ డిస్కులు చూడటానికి కొత్తవాటిలాగే ఉన్నాయి. కానీ అవి జిగురుతో కట్టిన రాతిపొడి, నీళ్ళు తాగితే ఆ జిగురు పట్టు వదులుతుంది. నాలుగంగుళాల గ్రైండరు నిమిషానికి పదకొండు వేల చుట్లు తిరుగుతుంది. ఆ వేగంలో డిస్కు పగిలితే ముక్క ఎటు పోతుందో చెప్పలేం. పెట్టెకు పెట్టె పారేశాం. కొత్తవి కొన్నప్పుడు రెండు చూశాను: డిస్కు మీద రాసిన వేగం గ్రైండరు వేగంకంటే ఎక్కువ ఉందా, మధ్యలో రేకు రింగు మీద గడువు నెల దాటిందా అని. ఆ రింగు మీద తేదీ ఉంటుందని పదిహేనేళ్ళుగా ఈ పనిలో ఉన్న మా కూలీ మనిషికి కూడా తెలియదు. వరదల తర్వాత కొన్ని చోట్ల తడిసిన సరుకు తుడిచి తక్కువ ధరకు అమ్మారు, అందుకే ప్యాకింగు అట్ట ఉబ్బి ఉంటే కొనకుండా వచ్చేసేవాణ్ణి.

ఇక ఆ నల్లగీత. మా దగ్గర కటింగ్‌కు ఒక ఆక్సిజన్, ఒక డీఏ (ఎసిటిలీన్ గ్యాస్) సిలిండరు ఉండేవి. నల్లది ఆక్సిజన్, మెరూన్ రంగుది డీఏ. గొలుసు కట్టలేదు, గోడకు ఆనించి వదిలేశాను, రెండూ బురదలో పడి ఉన్నాయి. వాల్వులు తిప్పి చూడకుండా అలాగే సప్లయర్‌కి తిరిగి పంపేశాను. రెగ్యులేటర్లు, గొట్టాలు మాత్రం ఉంచుకుందామనుకున్నాను. రెగ్యులేటరు గడియారం అద్దం లోపల నీళ్ళ మధ్య నూనె చుక్క తేలుతోంది. ఒత్తిడి మీద వచ్చే ఆక్సిజన్‌కి నూనె తగిలితే అగ్గిపుల్ల అక్కర్లేదు, అదే అంటుకుంటుంది. మా బాబాయి ఆక్సిజన్ కీ ముట్టుకునే ముందు చేతులు సబ్బుతో కడుక్కునేవాడు, చిన్నప్పుడు మేం అది చాదస్తం అని నవ్వుకునేవాళ్ళం. రెండు రెగ్యులేటర్లు, గొట్టాలు, టార్చ్ మొత్తం కొత్తవి కొన్నాను, ఈసారి మంట వెనక్కి రాకుండా ఆపే ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్లతో సహా. చీటీ నష్టానికి పాడింది ఇందుకే.

కొత్త పైపులు కొన్నప్పుడు ఇంకో పేచీ. వరద తర్వాత అందరికీ గేట్లు, షట్టర్లు కావాలి, సరుకు లేదు. ఒక కొట్లో 40 బై 40 పైపు పదహారు గేజి అని ఇచ్చారు. చేత్తో ఎత్తితే తేలిగ్గా అనిపించి కాటా మీద పెట్టమన్నాను. ఆరు మీటర్ల పైపు పదహారు గేజి, అంటే 1.6 మిల్లీమీటర్లయితే, పదకొండు కిలోల పైన తూగాలి. అది తొమ్మిది కూడా తూగలేదు. 1.2 సరుకు అన్నమాట. కొట్టతను ఏమీ మాట్లాడకుండా లోపల్నుంచి వేరే కట్ట తెప్పించాడు. వెర్నియర్‌తో కొలిస్తే చివర కోసినచోట గరుకు మీద ఎక్కువ చూపిస్తుంది, అందుకని కాటానే నాకు నమ్మకం.

అక్టోబరులో పని మీద పడ్డాం. నేల ఇంకా చెమ్మగానే ఉండేది. రాడ్డు తాకించకముందు హోల్డరు దగ్గర డెబ్భై, ఎనభై వోల్టులు ఉంటాయి. పొడి చేతికి అది పెద్దగా అనిపించదు, తడి చెప్పులు, తడి గ్లవ్‌తో నిలబడితే మనిషిని పడేస్తుంది. టేకు చెక్కలతో చిన్న పీట కొట్టి దాని మీద నిలబడే వెల్డింగ్ చేశాం. కొత్తగా ఎర్త్ పిట్ తవ్వించి, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ట్రిప్పరు పెట్టించాం. మొదట్లో గ్రైండరు పెట్టగానే ట్రిప్పరు పడిపోయేది. మావాడు విసుక్కుని తీసేద్దామన్నాడు. గ్రైండరు విప్పి చూస్తే వైరు ఒకచోట ఒలిచిపోయి ఉంది.

జీఐ, అంటే జింకు పూత వేసిన ఇనుము, సంగతి మాత్రం వాడికి వాడే నేర్చుకున్నాడు. షెడ్డు లోపల, ఫ్యాను లేకుండా, జీఐ పైపులకు ఒక పూటంతా వెల్డింగ్ చేశాడు. రాత్రి చలిజ్వరం, నోట్లో తియ్యటి రేకు రుచి. వాళ్ళమ్మ డెంగ్యూ అని భయపడింది, వరద తర్వాత మరి అందరికీ ఆ భయమే. డాక్టరుగారు ఏం పని చేశావని అడిగి, జింకు పొగ జ్వరం అన్నారు. మర్నాటికి తగ్గిపోయింది. పాలు తాగితే పొగ పట్టదని మా వాళ్ళందరి నమ్మకం, ఆ రోజు వాడు అరలీటరు తాగే కూర్చున్నాడు. ఇప్పుడు అతుకు దగ్గర జింకు గ్రైండ్ చేసి తీసేసి, బయట గాలిలో, మాస్కు పెట్టుకుని చేస్తున్నాడు. పాలు కూడా తాగుతున్నాడు.

అన్నింటికంటే ఇబ్బంది పెట్టింది ఒక డీజిల్ డ్రమ్ము. జనరేటర్లు అద్దెకిచ్చే ఒకాయన తెచ్చాడు, అడుగున చిల్లి. "పదిరోజులు నీళ్ళలో ఉంది, ఇంకా డీజిలెక్కడుంటుంది, ఒక్క టాకా వేయి తమ్ముడూ" అన్నాడు. ఐదు వందలిస్తానన్నాడు, ఆ వారంలో నాకది పెద్ద డబ్బు. నిండు డ్రమ్ముకంటే ఖాళీ డ్రమ్మే ప్రమాదం, లోపల ఉండేది ఆవిరి. నీళ్ళతో కడిగినా అతుకుల మడతల్లో మిగిలిన జిడ్డు వేడికి మళ్ళీ ఆవిరవుతుంది. చేయనన్నాను. చాలాసేపు బతిమాలాడు, తర్వాత నాకు పొగరని వీధంతా చెప్పాడు. ఆ డ్రమ్ము ఎక్కడ అతికించుకున్నాడో, అసలు అతికించుకున్నాడో లేదో నాకు తెలియదు. తర్వాత ఇంట్లో గ్రిల్స్ పని కూడా వేరేవాళ్ళకి ఇచ్చాడు.

గోడ మీద గీతలకు మేం సున్నం కొట్టలేదు. దానికి అడుగు పైన పట్టీ కొట్టి అరలు వేశాం. రాడ్లు మూతపెట్టెలో, డిస్కులు పడుకోబెట్టి, గ్రైండర్లు, రెగ్యులేటర్లు అన్నీ ఆ పైనే. మొన్న ఆగస్టులో పెద్ద వాన పట్టిన సాయంత్రం నేను గొడుగేసుకుని షాపుకు పరిగెత్తాను. వెళ్ళేసరికి మావాడు అన్నీ పైకెక్కించి, మెయిన్ దించి, ఫ్యూజులు జేబులో వేసుకుని గుమ్మంలో టీ తాగుతున్నాడు. సిలిండర్ల గొలుసు ఒక్కటి వదులుగా ఉంటే నేను బిగించాను.