తలకు అరెకరం

మొన్న జనవరిలో పుణె వెళ్లినప్పుడు ఒక ఆదివారం ఖాళీ దొరికింది. దివే ఘాట్ ఎక్కి, సాస్వడ్ మీదుగా జేజూరి పోయాను. అక్కడి ఖండోబా అంటే మన మల్లన్నే. మెట్లన్నీ పసుపుమయం. కొమురవెల్లిలో మనం బండారి అంటాం, వాళ్లు భండారా అంటారు. దర్శనం చేసుకుని, చొక్కా దులుపుకుంటూ దిగి, నాయగావ్‌కి జీపు మాట్లాడుకున్నాను. చాలా ఏళ్లుగా ఆ ఊరు చూడాలని ఉంది.

పురందర్ తాలూకా అంతా వానచాటు నేల. 1972 కరువులో ఇక్కడి రైతులు కరువు పనుల్లో రాళ్లు కొట్టి బతికారు. పుణెలో ఫ్యాక్టరీ నడిపే ఇంజినీరు విలాస్‌రావ్ సాళుంఖే అది చూసి, నాయగావ్‌లో గుడి ట్రస్టు భూమి సుమారు 40 ఎకరాలు కౌలుకు తీసుకున్నాడు. గట్లు వేసి, చిన్న చెరువు కట్టి, దాని కింద బావి తవ్వి, ఆ రాళ్ల నేలలో పంట తీశాడు. అది చూశాక ఊళ్లోవాళ్లు మాకూ నీళ్లు కావాలన్నారు. అలా పుట్టింది పానీ పంచాయత్.

వాళ్ల లెక్క మొదటిసారి విన్నప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు. నీళ్లు పంచేది మనుషుల్ని బట్టి. తలకు అరెకరం, ఇంటికి ఎంత ఎక్కువైనా రెండున్నర ఎకరాలు. ఇరవై ఎకరాల ఆసామికీ అంతే. భూమి లేనివాళ్లకూ వాటా ఉంటుంది. పొలం అమ్ముకుంటే నీటి హక్కు దాని వెంట పోదు. చెరకు మాట ఎత్తకూడదు. నీళ్లు పైకి తోడే లిఫ్టు కట్టినప్పుడు ఖర్చులో ఐదో వంతు రైతులు ముందే పెట్టుకోవాల్సి వచ్చేది; సగం ప్రభుత్వ గ్రాంటు, మిగతాది వడ్డీ లేని అప్పు. ఈ ఐదో వంతు దగ్గరే అసలు కిటుకు ఉందని నాకనిపిస్తుంది. తన డబ్బు పడ్డ పైపు లీకవుతుంటే ఎవడూ చూస్తూ ఊరుకోడు.

పక్క ఊరి లిఫ్టు దగ్గర పాట్‌కరీ కనిపించాడు. మన చెరువుల కింద పొలాలకు వంతులవారీగా నీళ్లు వదిలే నీరటికాడు చేసే పనే ఆయనది. అరవై దాటి ఉంటాయి. అక్కడా పెద్దవాళ్లను మామా అనే పిలుస్తారు కాబట్టి నాకు ఇబ్బంది లేకపోయింది. వాల్వ్ మీద చెయ్యి, కన్ను వాచీ మీద. జేబులో నూనె మరకల నోటుబుక్కు: పేరు, పొలం, మొదలైన టైమ్, ఆపిన టైమ్. బఠాణీ మడికి ఇంకో పది నిమిషాలు ఇమ్మని ఒకామె బతిమాలింది. మామా తల కూడా ఎత్తలేదు. ఆమె కాసేపు గొణిగి, మడవ మార్చుకుని వెళ్లిపోయింది. తర్వాత అడిగితే, ఆమె సొంత వదినేనట!

అన్ని లిఫ్టులూ ఇప్పుడు నడవడం లేదని ఆయనే చెప్పాడు. ఉన్నవాళ్లు సొంత బావులు తవ్వుకుని తప్పుకుంటే కరెంటు బిల్లు మిగిలినవాళ్ల నెత్తిన పడుతుంది.

"మీ ఊళ్లో స్టార్టర్ తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?" అని అడిగాడు.

ఎవరి డబ్బా వాళ్లది, ఎవరి తాళం వాళ్లది అన్నాను. మా బాపు, చిన్నాయన ఒకే గట్టుకు అటూ ఇటూ వేసిన బోర్ల సంగతి చెప్పాను. ఒకరు రెండు వందల అడుగులు పోతే ఇంకొకరు మూడు వందలు. ఆఖరికి ఇద్దరివీ ఎండిపోయాయి, అప్పులు మాత్రం మిగిలాయి. మామా "అరెరే" అని, గుప్పెడు బఠాణీ కాయలు నా చేతిలో పోసి, ఇంకో వాల్వ్ తిప్పడానికి లేచాడు.

తిరుగు దారిలో బాపుకు ఫోన్ చేసి మొత్తం చెప్పాను. తలకు అరెకరం, చెరకు బంద్, ఒక్కటే తాళంచెవి అన్నీ ఓపిగ్గా విన్నాడు.

"మంచిగనే ఉంది బిడ్డా. మీ చిన్నాయనకు ఎవరు చెప్పాలె?" అన్నాడు.