కరెంటు ఉంటే సరిపోదు

కరెంటు ఉందా లేదా అని అడుగుతాం గానీ, ఎలాంటి కరెంటు వస్తోందని ఎవరూ అడగరు. నా పరిశోధన అంతా దాని మీదే. మొన్న పశ్చిమ గోదావరి జిల్లా ఉండి ఊరి దగ్గర రొయ్యల చెరువు గట్టున రాత్రంతా మీటరు పెట్టి చూశాక ఆ పట్టుదల ఇంకా పెరిగింది.

తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు గట్టిగా తిరగాల్సిన వేళ అదే. వాటిని తిప్పే ఇండక్షన్ మోటారు టార్క్, అంటే తిప్పే బలం, వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని వోల్టేజీతోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి ఉంటుంది. వోల్టేజీ 10 శాతం తగ్గితే టార్క్ 19 శాతం పోతుంది. మోటారు కరెంటు ఎక్కువ లాగి లోపలి తీగచుట్ట (వైండింగ్) వేడెక్కుతుంది, చివరికి కాలిపోతుంది. "మోటారు మంచిది కాదనుకున్నానండీ ఇన్నాళ్లూ" అన్నారు ఆ రైతు. విని చాలా బాధేసింది.

ఇక ఈ-ఆటోలు కూడా రాత్రిళ్లే ఛార్జింగ్‌కి ఎక్కుతాయి. ఫిల్టరు సరిగా లేని చవక ఛార్జర్లు సెకనుకు 50 సార్లు ఊగే (50 హెర్ట్జ్) లైన్లోకి దానికి మూడు రెట్ల వేగంతో ఊగే అక్కర్లేని అలని, అంటే 150 హెర్ట్జ్ హార్మోనిక్‌ని వదులుతాయి. కరెంటు తెచ్చే మూడు ఫేజు తీగల్లోంచి వచ్చే ఈ మూడో హార్మోనిక్ ఒకదాన్నొకటి రద్దు చేసుకోదు, కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ తీగలో కలిసి పోగవుతుంది. సన్నటి న్యూట్రల్ ఉన్న పాత లైన్లకి ఇది నిజంగా ప్రమాదం.

ఈవీలు (కరెంటుతో నడిచే బళ్లు) రావాలి. కొలతలు మాత్రం సబ్‌స్టేషన్‌లోనే ఆగిపోకుండా చెరువు గట్టుదాకా రావాలి. వచ్చేవారం ఆకివీడు వైపు మీటరు పెడుతున్నాను.