నిద్రకి బదులు మాత్రలు

మూడు వారాలు పగలు ఆఫీసు, రాత్రి ఆసుపత్రిలో అమ్మ మంచం పక్కన కుర్చీ. ఒళ్ళు హూనమైపోయి, తల పగిలిపోతుంటే పొద్దున ఒక 650 పారాసెటమాల్, మధ్యాహ్నం ఇంకోటి, సాయంత్రం ముక్కు కారుతోందని జలుబు మాత్ర, పడుకోబోయే ముందు మళ్ళీ ఒకటి... లెక్క ఎప్పుడు తప్పిందో నాకే తెలియదు. ఒకరోజు బ్యాగులోంచి ఖాళీ స్ట్రిప్పులు జారి పడితే, తీస్తూ వెనక ఉన్న చిన్న అక్షరాలు చదివాను. జలుబు మాత్రలో కూడా 500 మిల్లీగ్రాముల పారాసెటమాల్! చేతులు వణికాయి.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకైనా 24 గంటల్లో అన్నీ కలిపి 4 గ్రాములు దాటకూడదు, కాలేయం జబ్బు ఉన్నా మద్యం అలవాటున్నా ఇంకా తక్కువే. మోతాదు మించినా మొదటి రోజు ఏమీ తెలియకపోవచ్చు, లోపల కాలేయం మాత్రం దెబ్బతింటూ ఉంటుంది, అదే నాకు అన్నిటికన్నా భయం వేసిన విషయం. విరుగుడు ఉంది, కానీ మోతాదు మించి వేసుకున్న 8 గంటల లోపు ఇస్తేనే బాగా పనిచేస్తుంది, అందుకే అనుమానం వస్తే బాగానే ఉన్నాం కదా అని కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

నా రక్త పరీక్షలో తేడా ఏమీ రాలేదు. ఆ సాయంత్రమే ఫోన్ చేసి "ఇక నా వల్ల కావట్లేదు అన్నయ్యా" అన్నాను. రాత్రి తను అమ్మ దగ్గర ఉన్నాడు, నేను పది గంటలు నిద్రపోయాను.